మనిషి తర్వాత వచ్చే మనిషి: ఏ నవల చదవాలి?

ఈమధ్య ఒక ఫాంటసీ నవల చదివాను. ఆరు వందల పేజీల పైనే ఉంది. మనుషులు అంతరించిపోయి, వాళ్లలోంచి పుట్టుకొచ్చిన కొత్త జాతి భూమిని ఏలుతున్న కాలంలో కథ జరుగుతుంది. అట్ట వెనక ఆ నాలుగు వాక్యాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. మన తర్వాత ఎవరొస్తారు, వాళ్లు మనల్ని ఏమని తలుచుకుంటారు అన్న ఊహ నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మూడు రాత్రులు కూర్చుని పూర్తి చేశాను. పుస్తకం మూసేటప్పటికి నిజంగా బాధేసింది.

ఆ జాతికి రెక్కలున్నాయి. చీకట్లో చూడగల కళ్లున్నాయి. మూడు వందల ఏళ్ల ఆయుష్షు ఉంది. కానీ వాళ్ల మాటలు, అసూయలు, సింహాసనం కోసం పన్నే కుట్రలు అన్నీ అచ్చంగా మనవే. కోటకి మెట్లున్నాయి, గదులకి గోడల్లో తలుపులున్నాయి. ఎగరగలిగేవాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో రచయిత ఒక్క పూట ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! వాకిలి పైకప్పులో ఉండేదేమో. పసిపిల్లలకి నడక కంటే ముందు గాలి అలవాటయ్యేదేమో. మూడు వందల ఏళ్లు బతికేవాళ్లకి ఒక మాట ఇవ్వడమంటే ఏమిటో, ఒకరిని క్షమించడమంటే ఏమిటో మనకి తెలిసినట్టు ఉండదు కదా. ఇవేవీ లేవు.

ఇదే ఊహ మీద ఇంతకంటే ఎంతో మంచి పుస్తకాలున్నాయి. అవి ఒకదానికొకటి పోలిక లేనివి కూడా. అందుకే మంచి పుస్తకం అని విని తెచ్చుకున్నా, మీకు సరిపడనిది చేతికొస్తే మళ్లీ నిరాశే. కాబట్టి ముందు ఏం చూడాలో చెప్పి, తర్వాత ఒక్కో పుస్తకం గురించి మాట్లాడతాను. కథల ముగింపులు బయటపెట్టను.

ముందు చూడాల్సినవి

మొదటిది, మార్పుకి కారణం ఉందా, దానికి మూల్యం ఉందా అన్నది. పరిణామం నిచ్చెన కాదు, ఒక్కో మెట్టూ ఎక్కి గొప్పవాళ్లం అయిపోవడం ఉండదు. బతకడానికి పనికొచ్చిన మార్పు నిలుస్తుంది, అంతే. ఆగ్నేయాసియా సముద్రాల్లో ఊపిరి బిగబట్టి లోతుకి మునిగి చేపలు పట్టే బజావు ప్రజల్ని తీసుకోండి. వాళ్ల ప్లీహం (స్ప్లీన్) దగ్గర్లోనే ఉండే మరో జనంతో పోలిస్తే దాదాపు 50 శాతం పెద్దదని 2018లో ఒక పరిశోధన తేల్చింది. రక్తంలో ఆక్సిజన్ నిల్వకి అది పనికొస్తుంది. ఏ మార్పూ ఊరికే రాదు. నిటారుగా నడవడం మనకి చేతుల్ని ఖాళీ చేసి ఇచ్చింది, దాంతోపాటే నడుం నొప్పినీ కష్టమైన కాన్పునీ ఇచ్చింది. మార్పు మంత్రంతో వచ్చినా, జన్యువులతో వచ్చినా నాకు అభ్యంతరం లేదు. వచ్చింది ఏం పట్టుకుపోయిందో మాత్రం రచయిత చెప్పాలి.

రెండోది లోపలి తేడా. ఒంట్లో వచ్చిన మార్పు మనసులో దేన్ని మార్చింది? ఇది తేల్చడానికి నాకొక చిన్న పద్ధతి ఉంది. ఏదో ఒక సన్నివేశం తీసుకుని అందులోంచి రెక్కల్నీ కొమ్ముల్నీ తీసేసి చదవండి. ఏ లోటూ లేకుండా నడిచిపోతే అవి అలంకారాలే.

మూడోది, మనం ఏమయ్యాం? నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. వారసుల కథ అంటే ఒక చావు కథ కూడా. పోయినవాళ్లు మనమే. ఆ దుఃఖం, కనీసం ఆ ఖాళీ, పుస్తకంలో ఎక్కడో తగలాలి.

నాలుగోది మీ ఓపిక. పాత్రల చెయ్యి పట్టుకుని నడవాలనుకుంటారా, ఆలోచన వెంట నడవగలరా? ఇందులో తప్పొప్పులు లేవు. కానీ ఇది తేల్చుకోకుండా ఎంచుకుంటే గొప్ప పుస్తకం కూడా సగంలో ఆగిపోతుంది.

| నవల | ఏడాది | మార్పు ఎలా వస్తుంది | లోపలి తేడా | చదవడం |
|---|---|---|---|---|
| ద టైమ్ మెషీన్ (హెచ్.జి. వెల్స్) | 1895 | లక్షల ఏళ్ల వర్గభేదం | బయటినుంచే కనిపిస్తుంది | చిన్నది, సులువు |
| లాస్ట్ అండ్ ఫస్ట్ మెన్ (ఓలాఫ్ స్టేపుల్డన్) | 1930 | ప్రకృతి వల్లా, మనిషి చేతులమీదుగానూ | చాలా లోతు | కష్టం, పాత్రలు లేవు |
| సిటీ (క్లిఫర్డ్ సిమాక్) | 1952 | మనుషులు తప్పుకుంటారు | సున్నితంగా ఉంటుంది | సులువు, విడి కథలు |
| మోర్ దాన్ హ్యూమన్ (థియొడోర్ స్టర్జన్) | 1953 | కొందరు కలిసి ఒకే జీవి అవుతారు | చాలా లోతు | మొదట్లో తికమక |
| ద క్రిసలిడ్స్ (జాన్ విండమ్) | 1955 | అణుయుద్ధం తర్వాతి జన్యుమార్పు | మధ్యస్థం | చాలా సులువు |
| ద ఇన్హెరిటర్స్ (విలియం గోల్డింగ్) | 1955 | వారసులం మనమే | అన్నిటికంటే లోతు | కష్టం, ఓపిక కావాలి |

పట్టికలో లేనివి మరో మూడు ఉన్నాయి, వాటి సంగతి మధ్యలో వస్తుంది.

మొదటిసారి చదివేవాళ్లకి: ద టైమ్ మెషీన్

ఈ తరహా కథ ఎప్పుడూ చదవకపోతే ఇక్కడ మొదలుపెట్టండి. రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. కథలోని ప్రయాణికుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అప్పటికి మనిషి రెండు జాతులుగా చీలిపోయి ఉంటాడు. నేల మీద సుకుమారంగా, పసిపిల్లల్లా ఆడుకుంటూ బతికే ఎలోయ్‌లు, నేల కింద చీకట్లో యంత్రాలు నడిపే మోర్లాక్‌లు. డార్విన్ పక్షాన గట్టిగా వాదించిన థామస్ హక్స్లీ దగ్గర వెల్స్ జీవశాస్త్రం చదువుకున్నాడు. ఆ చదువు పుస్తకంలో కనిపిస్తుంది. ఏ కష్టమూ లేని బతుకు ఎలోయ్‌ల బలాన్నీ తెలివినీ కూడా తినేసింది. మూల్యం అంటే ఇదీ. నేను చదివిన కొత్త నవలలో ఆరు వందల పేజీల్లోనూ దొరకనిది ఇక్కడ ఒక్క అధ్యాయంలో దొరుకుతుంది.

లోటు కూడా చెప్పాలి. ఎలోయ్‌ల మనసు మనకి తెలియదు, మోర్లాక్‌లది అసలే తెలియదు. చివరిదాకా వాళ్లని ఒక పరాయి మనిషి కళ్లతోనే చూస్తాం. లోపలి ప్రపంచం కావాలనుకునేవాళ్లకి ఇది ఆకలి పెంచుతుంది, తీర్చదు.

పెద్ద ఊహ కావాలంటే: లాస్ట్ అండ్ ఫస్ట్ మెన్

దీనికి సాటి వచ్చే ఊహ నేను మరెక్కడా చూడలేదు. దాదాపు 200 కోట్ల ఏళ్ల కథ. మనం మొదటి మనుషులం, మన తర్వాత మరో పదిహేడు మానవజాతులు వస్తాయి. చివరి జాతి నెప్ట్యూన్ గ్రహం మీద ఉంటుంది, కథ చెప్పేది వాళ్లే. కొన్ని జాతుల్ని ప్రకృతి మారుస్తుంది. కొన్నిటిని అంతకు ముందున్న జాతులే పూనుకుని తయారుచేస్తాయి. తమని మించినవాళ్లని తామే పుట్టించి, వాళ్లకి చోటిచ్చి వెళ్లిపోవడం అన్న ఆలోచన దగ్గర నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను.

రెక్కల సంగతి మొదట్లో చెప్పాను కదా. ఇందులో ఏడో మానవజాతి శుక్రగ్రహం మీద ఎగిరే జాతి. గాలిలో ఉన్నంతసేపూ వాళ్లకి ఆనందం, బాధ కూడా అందంగానే తోస్తుంది. నేల మీద కాలు పెడితే మనసు బరువెక్కిపోతుంది. అంటే రెక్కలు వాళ్ల సుఖదుఃఖాల్నే మార్చేశాయి. ఇలాంటి కొన్ని పేజీలు చదివాక, రెక్కల్ని కేవలం రెక్కలుగా వదిలేసే నవల మీద మనసు నిలవదు.

కానీ ఇందులో పట్టుకోవడానికి ఒక్క మనిషి కూడా లేడు. చరిత్ర పుస్తకంలా నడుస్తుంది. పైగా మొదటి అధ్యాయాలు 1930 నాటి ప్రపంచ రాజకీయాలు ఎటు పోతాయన్న అంచనాలు. ఆ దారిన చరిత్ర నడవలేదు, ఇప్పుడు చదువుతుంటే భారంగా ఉంటుంది. అక్కడే ఆగిపోయిన పాఠకులు చాలామంది ఉంటారనుకుంటాను. ఆ అధ్యాయాల్ని పైపైన తిరగేసి ముందుకెళ్లండి, నష్టం లేదు. నవల అంటే పాత్రలే అనుకునేవాళ్లు మాత్రం దీన్ని ఎంచుకోవద్దు.

మనుషులు కావాలి, కన్నీళ్లు కావాలి అనుకుంటే

ఇక్కడ పోటీ సిటీకీ, మోర్ దాన్ హ్యూమన్‌కీ మధ్య. రెండిట్లో ఏది అని నన్ను చాలాసార్లు అడిగారు.

సిటీలో వారసులు కుక్కలు. మనుషులు ఒక్కొక్కరే ఎక్కడెక్కడికో వెళ్లిపోయాక భూమి వాటిది అవుతుంది. రాత్రుళ్లు మంట చుట్టూ చేరి పిల్లలకి పాత కథలు చెప్పుకుంటాయి. ప్రతి కథకి ముందు కుక్కల పండితుల వ్యాఖ్యానం ఉంటుంది: మనిషి అనే ప్రాణి నిజంగా ఉండేదా, లేక పురాణమా? మనం ఏమయ్యాం అన్న మూడో ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. మనం ఏమయ్యామో మనల్ని ప్రేమించినవాళ్ల నోట వింటాం, వాళ్లకి మనం సరిగా గుర్తు కూడా లేము. పుస్తకంలో అన్నిటికంటే బలమైన కథ 1944లో విడిగా అచ్చయింది. గురుగ్రహం మీద బతకడానికి మనుషుల శరీరాల్ని అక్కడి జీవుల శరీరాలుగా మార్చి బయటికి పంపిస్తుంటారు. వెళ్లినవాళ్లు ఎవరూ తిరిగి రారు. చివరికి ఆ పని చేయిస్తున్న అధికారే తన ముసలి కుక్కని వెంటబెట్టుకుని బయటికి నడుస్తాడు. తర్వాత ఏమైందో మీరే చదవాలి. సైన్స్ పట్టింపు ఉన్నవాళ్లకి ఇబ్బంది ఉంటుంది. గురుగ్రహానికి నిలబడడానికి నేలే లేదని మనకి ఇప్పుడు తెలుసు. నాకది అడ్డు రాలేదు.

మోర్ దాన్ హ్యూమన్ వేరే రకం. ఇందులో కొత్త మనిషి అంటే ఒక్క మనిషి కాదు. ఎవరికీ అక్కర్లేని ఐదారుగురు, అందులో ఎక్కువమంది పిల్లలు, కలిసి ఒకే జీవి అవుతారు. ఒకరు ఆలోచన, ఒకరు చేతులు, ఒకరు లెక్క. విడివిడిగా చూస్తే అందరూ ఏదో ఒక లోటు ఉన్నవాళ్లే. పరిణామం అనగానే ఒంటరి మహావీరుడిని ఊహించుకునే అలవాటుని స్టర్జన్ మొదలంటా మార్చేశాడు. అంత శక్తి చేతికొచ్చాక ఆ జీవికి మంచీచెడూ ఎవరు నేర్పుతారు? తనలాంటివాళ్లు లోకంలో మరొకరు లేనప్పుడు నీతి ఎక్కడినుంచి వస్తుంది? మూడో భాగమంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. మొదటి యాభై పేజీలు ముక్కలుముక్కలుగా ఉంటాయి, ఓపిక పట్టండి. పిల్లలు పడే హింస కొన్నిచోట్ల చదవడం కష్టం, అది ముందే తెలియాలి.

నన్నడిగితే, మీ మనసు ఇప్పుడు అలసిపోయి ఉంటే సిటీ. ఏదైనా మిమ్మల్ని కుదిపి లేపాలనుంటే స్టర్జన్. ఈ రెండు పుస్తకాలూ ఒకదాని తర్వాత ఒకటి, 1953లోనూ 1954లోనూ, ఇంటర్నేషనల్ ఫాంటసీ అవార్డు అందుకున్నాయి.

ఇంట్లో టీనేజ్ పిల్లలుంటే

ద క్రిసలిడ్స్ ఇవ్వండి. అణువిధ్వంసం జరిగి ఎన్నో తరాలు గడిచాక కెనడాలోని లాబ్రడార్‌లో ఒక సమాజం. ఒంట్లో ఏ కాస్త తేడా కనిపించినా పాపమని, సైతాను పని అని నమ్ముతారు. కాలికి ఆరు వేళ్లున్న చిన్న పిల్లతో కథ మొదలవుతుంది. కథ చెప్పే డేవిడ్‌కి ఉన్న తేడా బయటికి కనిపించేది కాదు. తనలాంటి కొందరితో మనసుతోనే మాట్లాడగలడు. దొరికిపోతామన్న టెన్షన్ మొదటి నుంచి చివరిదాకా సడలదు. తాను అందరిలా లేనని లోలోపల దిగులుపడే వయసులో ఈ పుస్తకం చేతిలో పడితే తోడు దొరికినట్టుంటుంది.

ఒక్క విషయం మాత్రం పిల్లలతో మాట్లాడండి. చివర్లో ఒక పాత్ర, కొత్త జాతి కోసం పాత జాతి పోక తప్పదని చాలా తేలికగా చెప్పేస్తుంది. ఆ మాటని రచయిత సమర్థిస్తున్నాడా, మనల్ని ఉలిక్కిపడేలా చేస్తున్నాడా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. తొమ్మిదో తరగతి పిల్లలతో వాదించుకోవడానికి ఇంతకంటే మంచి విషయం ఉండదు.

పిల్లలకి కాక మీకే కావాలంటే, అందులోనూ మీరు తల్లో తండ్రో అయితే, ఆర్థర్ క్లార్క్ 1953లో రాసిన చైల్డ్‌హుడ్స్ ఎండ్ చూడండి. పిల్లలు మనకి అందనంత దూరం వెళ్లిపోవడం అన్న మామూలు బాధని ఆయన జాతి మొత్తానికి పరిచాడు. పాత్రలు పలచన, ఆ బాధ మాత్రం చాలాకాలం వెంట ఉంటుంది.

రెండు మాటల్లో మరో రెండు

కర్ట్ వానెగట్ గలాపగోస్ (1985): పది లక్షల ఏళ్ల తర్వాత మనుషులు బొచ్చు, ఈతరెక్కలు, చిన్న పుర్రెలతో సముద్రంలో చేపలు పట్టుకుని బతుకుతుంటారు. మన కష్టాలన్నిటికీ పెద్ద మెదడే కారణమని కథ చెప్పే దెయ్యం వాదన. పరిణామం అంటే తెలివి పెరగడమే అన్న భ్రమ ఉన్నవాళ్లు ముందు ఇది చదవాలి.

మార్గరెట్ ఆట్‌వుడ్ ఓరిక్స్ అండ్ క్రేక్ (2003): వారసుల్ని ఒక మేధావి ల్యాబ్‌లో తయారుచేస్తాడు. ఆకులు తిని బతుకుతారు, గొంతులో గురగురలాడిస్తూ గాయాలు మాన్పుతారు, అసూయ తెలియదు. దేవుళ్లని కల్పించుకునే గుణం కూడా తీసేశాననుకుంటాడు ఆ మేధావి. వాళ్లు మాత్రం కథలు అడుగుతూనే ఉంటారు. ఇది మూడు పుస్తకాల వరసలో మొదటిది, అంత సమయం లేకపోయినా ఇదొక్కటే చదువుకోవచ్చు.

నా ఎంపిక: ద ఇన్హెరిటర్స్

ఇది వారసుల కథని తిరగేసి చెబుతుంది. మనం వారసులం, పోతున్నది నియాండర్తల్‌లు అనే పాత మానవజాతి. కథ దాదాపు అంతా లోక్ అనే నియాండర్తల్ కళ్లతో సాగుతుంది. వాళ్లు మాటలతో ఆలోచించరు, బొమ్మలతో ఆలోచిస్తారు. ఒకరి తలలోని బొమ్మని ఒక్కోసారి పక్కవాళ్లు కూడా చూడగలరు. రెండు సంగతుల్ని కలిపి మూడోది ఊహించడం మాత్రం లోక్‌కి చాలా కష్టం. ఒకచోట నది అవతల ఒక కొత్త మనిషి చేతిలోని కర్ర రెండు వైపులా పొట్టిదై మళ్లీ సాగడం చూస్తాడు. అంతలో పక్కనున్న చెట్టు చప్పుడు చేస్తుంది, దాని మీద కొత్త పుల్ల మొలిచి ఉంటుంది. అది విల్లనీ, తన మీదికి వచ్చింది బాణమనీ మనకి తెలుసు, లోక్‌కి తెలియదు. ఆ పేజీ చదువుతున్నప్పుడు కేకవేసి అతన్ని హెచ్చరించాలనిపించింది. నా తెలివే అతని ప్రమాదం అని అర్థమైన క్షణం అది. ఇంకే పుస్తకమూ నన్ను అలా నిలదీయలేదు.

1955లో గోల్డింగ్‌కి తెలియడానికి వీల్లేని ఒక నిజం ఇప్పుడు మనకి తెలుసు. నియాండర్తల్‌లు సుమారు 40,000 ఏళ్ల క్రితం కనుమరుగయ్యారు, కానీ పూర్తిగా పోలేదు. వాళ్ల జన్యుపటాన్ని శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం 2010లో బయటపెట్టింది. ఆఫ్రికా బయటి మూలాలున్న మనుషుల్లో 1 నుంచి 2 శాతం దాకా వాళ్ల డీఎన్ఏ ఉంది. పాబోకి 2022లో నోబెల్ వచ్చింది. అంటే వారసత్వం ఒకరు పోయి ఒకరు రావడమే కాదు, కలిసిపోవడం కూడా. ఇది మనసులో పెట్టుకుని చదివితే లోక్ మనకి పరాయివాడు కాడు.

కష్టం సంగతి దాచను. మొదటి మూడు అధ్యాయాలు ఏం జరుగుతోందో అర్థం కాక ఇద్దరు స్నేహితులు నాకు పుస్తకం తిరిగిచ్చేశారు. లోక్‌కి అర్థం కానిది మనకీ నేరుగా చెప్పరు, మనమే పోల్చుకోవాలి. బస్సులోనో నిద్రమత్తులోనో చదివే పుస్తకం కాదు. రోజుకొక అధ్యాయం చొప్పున, ప్రశాంతంగా ఉన్నప్పుడు చదవండి. కథలో వేగం కావాలనుకునేవాళ్లు క్రిసలిడ్స్ దగ్గరే ఆగడం మేలు.

చేతిలో ఇప్పటికే ఇలాంటి కొత్త నవల ఉంటే

ఇంకా కొనకపోతే, మొదటి పేజీ చూసి నిర్ణయించకండి. మొదటి పేజీని అందరూ చెక్కి పెడతారు. నడిమధ్య, ఇద్దరు వారసులు మాట్లాడుకునే ఒక పేజీ తీసి చదవండి. ఆ మాటల్లో మనిషన్నవాడు అనలేనిది ఒక్కటైనా ఉంటే తీసుకోండి. సగం చదివి ఆగిపోయినవాళ్లు, వంద పేజీల్లో ఆ జాతి గురించి కొత్తగా ఒక్క విషయమూ తెలియకపోతే, అపరాధభావం లేకుండా వదిలేయండి.

నా దగ్గరున్న ఆ లావుపాటి పుస్తకాన్ని నేను పారేయలేదు. అందులో ఒక పేజీకి గుర్తు పెట్టుకున్నాను. వయసు పైబడి రెక్కలు రాలిపోయిన ఒక ముసలామె నేల మీద నడక నేర్చుకుంటుంది, అదీ మనవరాలి భుజం పట్టుకుని. పాదం కింద గడ్డి తగలగానే భయపడి ఆగిపోతుంది. రెండో భాగం వస్తుందంటున్నారు. అందులో ఆమె ఉంటే తప్పకుండా కొంటాను.